చెప్పులు జతచేసే మా చిన్నోడికి మీ కాంపౌండులో ఒక ఇల్లు

తెలుగు సంఘాల బిషప్పులకు, పాస్టరు అయ్యగార్లకు, అమ్మగార్లకు, పాస్టరేట్ కమిటీ పెద్దలకు వందనాలు.

నేను నిజామాబాద్ వైపు ఒక చిన్న టౌన్లో టీచర్ని. ఈ ఉత్తరం నా కోసం కాదు, మా తమ్ముడి కోసం. వాడికి 38 ఏళ్ళు, డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే వచ్చే బుద్ధిమాంద్యం. ఇంట్లో చిన్నోడు అంటాం. తల నెరిసినా చిన్నోడే.

గుడి మెట్ల దగ్గర మనం చెప్పులు ఎలా వదిలేసి లోపలికి పోతామో మీకు తెలిసిందే. మా గుడిలో మొదటి కీర్తన అయ్యేలోపు చిన్నోడు వాటన్నిటినీ జతలు చేసి గోడవారగా వరస పెడతాడు. ఆరాధన అయ్యాక ఎవరు మెట్టు దిగితే వాళ్ళ జత వాళ్ళ కాళ్ళ ముందుకొస్తుంది. వాడు పొరపాటు పడగా నేనెప్పుడూ చూళ్ళేదు. పోయిన వానాకాలంలో రెండు ఆదివారాలు వరసగా ఒక చోట ఖాళీ వదిలాడు. ఎందుకురా అంటే "నానమ్మ" అన్నాడు. మూడో బెంచీలో కూర్చునే పెద్దావిడ. ఆవిడ రావట్లేదని మాలో ఒక్కరికీ తట్టలేదు. వెళ్ళి చూస్తే బాత్రూమ్‌లో జారిపడి, తుంటి విరిగి మంచంలో ఉంది.

ఇది చెప్పింది వాడు దేవదూత అని మీరు అనుకోవాలని కాదు. పెళ్ళి భోజనంలో రెండోసారి స్వీటు వడ్డించలేదని ప్లేటు విసిరేసిన రోజులున్నాయి. స్నానానికి నలభై నిమిషాలు. థైరాయిడ్ మాత్ర మింగించడానికి రోజూ పొద్దున్నే ఒక పంచాయితీ. అందరిలాగే మంచీ చెడూ ఉన్న మనిషి. కాకపోతే వాడి బతుకు మా అమ్మ మోకాళ్ళ మీద ఆధారపడి ఉంది. ఆమెకి 71 ఏళ్ళు, ఆ మోకాళ్ళు అరిగిపోయాయి.

మా అమ్మ రాత్రిళ్ళు చేసే ప్రార్థన ఒకసారి గోడ అవతల నుంచి విన్నాను. "నాకంటే ఒక్కరోజు ముందు వాణ్ణి తీసుకుపో ప్రభువా." కన్నకొడుకు చావు కోరుకునే ప్రార్థన. తర్వాత తెలిసినవాళ్ళని మెల్లగా కదిపితే, ఇలాంటి పిల్లలున్న తల్లులు ఇంకో ముగ్గురు అదే మాట చెప్పారు. సాక్ష్యాల టైంలో ఎవరూ ఈ ప్రార్థన బయటికి చెప్పరు కాబట్టి మీ దాకా రాదు. 2011 జనాభా లెక్కల్లో బుద్ధిమాంద్యం కింద రాసుకున్నవాళ్ళే దేశంలో 15 లక్షలు దాటారు. వాళ్ళలో కొందరు మీ బెంచీల చివర, తలుపు పక్కన, ఏడిస్తే బయటికి తీసుకుపోవడానికి వీలుగా కూర్చుని ఉన్నారు.

సంఘం మాకు ఏమీ చెయ్యలేదని అనను. ప్రార్థన చేశారు. కానీ ఆ ప్రార్థన ఎలాంటిదో ఒకటి చెప్పాలి. చిన్నోడికి 14 ఏళ్ళప్పుడు ఒక స్వస్థత కూడికకి తీసుకెళ్ళాం. బయటి నుంచి వచ్చిన బోధకుడు వాడి నెత్తి మీద చెయ్యి పెట్టి మైకులో అరిచాడు. వాడు బెదిరి మా అమ్మ కొంగులో దూరాడు. మళ్ళీ లాగారు, మళ్ళీ దూరాడు. చివరికి ఆ పెద్దమనిషి మా అమ్మ వైపు తిరిగి "అమ్మా, మీ విశ్వాసంలో ఏదో లోపం ఉంది" అన్నాడు. వెయ్యి మంది ముందు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్ళు చేశారా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదని ప్రభువు ఇచ్చిన జవాబు ఆ బోధకుడికి తెలియదనుకోవాలా? వాడి ఒంట్లోని కణాల్లో 21వ క్రోమోజోము రెండుకి బదులు మూడు ఉన్నాయి. అది జ్వరం కాదు దిగిపోవడానికి. మేం ఆ కూడిక నుంచి ఆఖరి బస్సులో ఇంటికొచ్చాం. మా అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఇంకోటి సంస్కారం సంగతి, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. దానికి సిద్ధం చేసే కన్ఫర్మేషన్ క్లాసులో అందరితో పాటు వాణ్ణీ కూర్చోబెట్టాం. పది ఆజ్ఞలు రావు, విశ్వాస ప్రమాణం రాదు. పరలోక ప్రార్థన మొదలుపెడితే "పరలోకమందున్న మా తండ్రీ" అని, ఒక్క క్షణం ఆగి, "ఆమెన్" అంటాడు. మధ్యలోదంతా ఆయనకి తెలుసు కదా అన్నట్టు. అప్పటి అయ్యగారు వీడికి అర్థం కాదమ్మా, బల్లకి అర్హత లేదన్నారు. తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చిన ఇంకో అయ్యగారు ఒక్క ప్రశ్నే అడిగారు: "ఇది ఎవరిది చిన్నా?" వాడు రొట్టె చూపించి, పైకి చూపించాడు. ఆ ఆదివారమే ఇచ్చారు. ఈ రెండు రకాల అయ్యగార్లూ మీలో ఉన్నారు. నేను రెండో రకం వాళ్ళని ఉద్దేశించి రాస్తున్నాను, మొదటి రకం వాళ్ళు చదివినా మంచిదే.

ఇక అడగాల్సింది అడుగుతాను. మాకు ఆశ్రమం వద్దు. ఇల్లు కావాలి. బుద్ధిమాంద్యం ఉన్న పెద్దవాళ్ళు ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది, వాళ్ళతో పాటు వాళ్ళని చూసుకునేవాళ్ళు, ఒకే వంటింట్లో వండుకుని ఒకే బల్ల దగ్గర తిని బతికే ఇల్లు. ఊరి మధ్యలో, మీ గుడి కాంపౌండులో.

ఆశ్రమం ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. మూడేళ్ళ కిందట అమ్మా నేనూ ఒక హోము చూడ్డానికి వెళ్ళాం. మెయిన్ రోడ్డు నుంచి ఆటో దిగాక చేలల్లోంచి చాలా దూరం నడవాలి. అరవై మంది దాకా ఉన్నారు. పేల బాధ అని అందరికీ గుండు. ఆడవాళ్ళకీ. అందరికీ ఒకే రంగు నైటీ, ఒకే రంగు లుంగీ. ఆ రోజు ఎవరో దాత కొడుకు పుట్టినరోజు. కేకు తెచ్చారు, వీళ్ళని వరసగా నిలబెట్టారు, హ్యాపీ బర్త్‌డే పాడించారు, ఫోటోలు దిగి కారెక్కి వెళ్ళిపోయారు. ఇక్కడ ఉన్నవాళ్ళ పుట్టినరోజులు ఎప్పుడని మేనేజర్ని అడిగాను. రిజిస్టర్లో ఉంటాయన్నాడు. భోజనం బాగానే ఉంది, అబద్ధం చెప్పను. కొట్టిన గుర్తులు కూడా ఏమీ కనపడలేదు. కానీ వరండాలో ఒక పెద్దాయన గోడకేసి తల మెల్లగా తాటిస్తూ కూర్చున్నాడు. మేం లోపలికెళ్ళి వచ్చేదాకా గంటసేపు అదే పని. "అలవాటండీ" అన్నాడు మేనేజర్.

దావీదు రాజు, తన ముందటి రాజు సౌలు మనవడైన మెఫీబోషెతుకి చేసింది మీరు ఎన్నోసార్లు ప్రసంగించే ఉంటారు. రెండు కాళ్ళూ కుంటివాడు, లోదెబారు అనే ఊళ్ళో ఎవరి ఇంట్లోనో తలదాచుకున్నాడు. దావీదు పిలిపించాడు. ప్రసంగాల్లో రాజు దయ గురించి చెప్తారు, ఏర్పాటు గురించి చెప్పరు. నాకు ఆ ఏర్పాటే ముఖ్యం అనిపిస్తుంది. మొదట తాతగారి పొలం తిరిగి ఇప్పించాడు. ఆ పొలం దున్నడానికి సౌలు ఇంటి దాసుడు సీబాని, అతని పదిహేను మంది కొడుకుల్ని, ఇరవై మంది దాసుల్ని పెట్టాడు. అంటే ఆదాయం, పని చేసే మనుషులు, రెండూ కుదిర్చాడు. ఇదంతా చేశాక, ఇక నీ తిండి నువ్వు తిను అనలేదు. రోజూ నా బల్ల దగ్గరే భోజనం అన్నాడు. మనవాళ్ళు రెంట్లో ఒకటే చేస్తారు. డబ్బు పంపించి బల్ల దగ్గరికి రానివ్వరు, లేకపోతే క్రిస్మస్ రోజు బల్ల దగ్గర కూర్చోబెట్టి మర్నాటి నుంచి మర్చిపోతారు.

ఇలాంటివి మనకి చేతకాని పనులా? మా జిల్లాలోనే డిచ్‌పల్లి ఉంది. కుష్ఠు ఉన్నవాళ్ళని ఊళ్ళు తరిమేసే రోజుల్లో, 1915లో, ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ, ఆమె భర్త కలిసి అక్కడ ఆసుపత్రి పెట్టారు. డబ్బిచ్చినవాళ్ళలో పెద్ద చెయ్యి రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాతది. మెదక్ గుడి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. కరువులో జనానికి పనీ కూడూ పెడుతూ కట్టిన గుడి అది, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. కూడు పెట్టడం, గుడి కట్టడం మన పెద్దలకి వేరు వేరు పద్దులు కావు. అయితే ఒక్క తేడా. కుష్ఠు అంటుకుంటుందనే భయంతో అప్పట్లో ఊరి బయట కట్టారు. మా చిన్నోడి దగ్గర అంటుకునేది ఏముంది? వాడి నవ్వు తప్ప. మరి ఇప్పటికీ ఊరి బయటే ఎందుకు కడుతున్నారు?

ఇలాంటి ఇళ్ళకి ఒక నమూనా ఉంది, దాని మచ్చతో సహా చెప్పాలి. 1964లో ఫ్రాన్స్‌లో, పారిస్‌కి ఉత్తరాన ఒక పల్లెలో, జీన్ వానియర్ అనే ఆయన ఒక పాత ఇల్లు కొని, పెద్ద ఆశ్రమంలో మగ్గుతున్న రాఫేల్, ఫిలిప్ అనే ఇద్దరిని తెచ్చుకుని వాళ్ళతో కలిసి ఉండటం మొదలుపెట్టాడు. ఇంకొకతన్ని కూడా తెచ్చారు గానీ ఇమడలేక కొద్ది రోజులకే అతన్ని వెనక్కి పంపాల్సి వచ్చింది. మొదటి వారంలోనే ఓటమి కూడా ఉందన్నమాట. ఆ ఇంటికి లార్ష్ అని పేరు, అంటే ఓడ, నోవహు ఓడ. అది పెరిగి ముప్పైకి పైగా దేశాల్లో నూట యాభై దాకా సముదాయాలైంది. మన దేశంలో మొదటిది 1970లో బెంగళూరులో ఆశా నికేతన్ పేరుతో వచ్చింది. తర్వాత కోల్‌కతాలో, చెన్నైలో, కేరళలో. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఒకే ఇంట్లో ఉంటారు, ఎవరి పండుగ వాళ్ళు చేసుకుంటారు, సాయంత్రం అందరూ కలిసి ప్రార్థనకి కూర్చుంటారు.

ఇప్పుడు మచ్చ. వానియర్ 2019లో చనిపోయాడు. బతికినంతకాలం ఆయన్ని సజీవ పరిశుద్ధుడన్నారు. చనిపోయిన మరుసటి ఏడాది లార్ష్ తనంతట తానే వేయించుకున్న విచారణలో, ఆధ్యాత్మిక మార్గదర్శనం పేరుతో ఆయన స్త్రీలని లైంగికంగా లోబరుచుకున్నాడని తేలింది. 2023లో వచ్చిన రెండో నివేదిక కనీసం 25 మంది అని లెక్క చెప్పింది. వాళ్ళలో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళెవరూ ఉన్నట్టు బయటపడలేదు. అయినా ఈ సంగతి చదివిన రోజు నేను ఈ ఉత్తరం రాయడం మానేద్దామనుకున్నాను. తర్వాత అనిపించింది, తమ స్థాపకుడి గురించి తామే తవ్వి తామే ప్రపంచానికి చెప్పుకున్నారే, ఆ పని మన సంఘాల్లో ఏ ఒక్కరైనా చేస్తారా అని. కాబట్టి మొదటి షరతు: ఈ ఇల్లు ఏ ఒక్క దైవజనుడి పేరు మీదా, ఏ కుటుంబం చేతుల్లోనూ ఉండకూడదు. గేటు మీద ఎవరి ఫోటోతోనూ ఫ్లెక్సీ కట్టకూడదు. మా పిల్లలు జరిగింది చెప్పలేరు. చెప్పినా నమ్మరు. ఏ రాత్రీ, ఏ గదిలోనూ ఒక్క మనిషి చేతికే వాళ్ళని వదలకూడదు. కన్నవాళ్ళు, తోబుట్టువులు చెప్పకుండా ఏ పూటైనా వచ్చి చూసే హక్కు ఉండాలి. తాళం వేసిన గేటు బయట పది నిమిషాలు నిలబెట్టే ఇంట్లో నేను చిన్నోణ్ణి ఉంచను.

చట్టం మన వైపే ఉంది, మనం వాడుకోవడం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఇలాంటి సంస్థ నడపడానికి వీల్లేదు. ప్రార్థనా మందిరం పక్కనే కదా అని వదిలెయ్యకండి, చేయించండి. బుద్ధిమాంద్యం లాంటి వైకల్యాలున్నవాళ్ళ కోసం చేసిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ అని ఏడాదికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది, పెద్దవాళ్ళ నివాసానికి ఘరౌండా పథకం ఉంది. అదే చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టరుండే స్థానిక కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది. 18 నిండాక కన్నతల్లి కూడా తనంతట తాను గార్డియన్ కాదని చాలామందికి తెలియదు. మాకూ బ్యాంకులో చిన్నోడి ఖాతా దగ్గర ఆగిపోయేదాకా తెలియదు. గార్డియన్ పని ఇల్లు నడిపేవాళ్ళు తీసుకోకూడదు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, పింఛను పాస్‌బుక్ వాడి పేరు మీద వాడి దగ్గరే ఉండాలి. శిక్షణ ఉన్న మనుషుల కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం జాతీయ సంస్థ ఉంది, స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులు అక్కడే చెప్తారు. మన యువజన సంఘాల్లో ఉద్యోగం లేక తిరిగే పిల్లల్ని ఇద్దర్ని పంపి చదివించండి.

డబ్బు గురించి మీరు అడగకముందే లెక్క వేశాను, టీచర్ని కదా. ఆరుగురుండే ఇంటికి నలుగురు పనివాళ్ళు కావాలి, మనిషికి 15,000 చొప్పున 60,000. బియ్యం, సరుకులు, కూరగాయలు, గ్యాస్ 30,000. మందులు, కరెంటు, ఆటోలు 15,000. నెలకి మొత్తం 1,05,000. తెలంగాణలో వికలాంగుల పింఛను 4,016, ఆరుగురిది కలిపితే 24,096. ఇవ్వగలిగిన కుటుంబాలు నాలుగు ఐదేసి వేలు ఇస్తే 20,000. మిగిలింది 60,904. మూడొందల కుటుంబాలున్న సంఘంలో ఇంటికి నెలకి 200 వేసుకుంటే 60,000. పైన 904 నేనిస్తాను. కోతకాల పండుగ వేలంలో ఒక గుమ్మడికాయ ఐదు వేలకి పాడిన సంఘం మాది. రెండొందలు కష్టమా? చేతులు ఎత్తమంటే అందరూ ఎత్తుతారు, ఆరో నెలకి సగం మంది మానేస్తారని నాకూ తెలుసు. అందుకే పొలం, సీబా కథ పైన చెప్పింది. కాంపౌండ్ ముందు అద్దెకిచ్చిన షాపుల్లో రెండింటి అద్దె ఈ ఇంటికి రాసివ్వండి.

ఎవరిని చేర్చుకోవాలి అన్న దగ్గర కమిటీలో గొడవ వస్తుంది, ముందే చెప్తున్నాను. మా వీధిలో ముస్లిం కుటుంబం ఒకటుంది, వాళ్ళమ్మాయికి 29. వాళ్ళమ్మ చేసే దువా మా అమ్మ ప్రార్థనే, భాషే వేరు. ఆ అమ్మాయికి మన ఇంట్లో చోటుండాలి, ఆమె నమాజుకి, రంజాన్‌కి చోటుండాలి. బాప్తిస్మం షరతు అనే మాట ఎవరి నోటి నుంచీ రాకూడదు. ఒప్పుకోవడమంటే ఏంటో పూర్తిగా తెలియనివాళ్ళ చేత ఒప్పించడం సువార్త కాదు. అలాంటప్పుడు ఇది క్రైస్తవ ఇల్లు ఎలా అవుతుందని అడుగుతారు. సర్కారు పింఛనిస్తుంది, బీమా ఇస్తుంది, బిల్డింగ్ కూడా ఇస్తుందేమో. రాత్రి ఎనిమిదింటికి పక్కన కూర్చుని అన్నం తినే మనిషిని ఏ జీవో ఇవ్వలేదు. జీతం కోసం వచ్చినవాళ్ళు డ్యూటీ అయ్యాక వెళ్తారు, తప్పు లేదు. డ్యూటీ అయ్యాక కూడా ఉండాలనిపించడానికి వేరే కారణం కావాలి. ఆ కారణం మన దగ్గర ఉందని ప్రతి ఆదివారం చెప్పుకుంటున్నాం.

టైం ఎక్కువ లేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకి ముసలితనం తొందరగా వస్తుంది. యాభైల్లోనే మతిమరుపు జబ్బు మొదలయ్యేవాళ్ళు చాలామంది. చిన్నోడు ఇంకా అందరి చెప్పులూ గుర్తుపడుతున్న ఈ పదేళ్ళలోనే ఆ ఇంటికి, ఆ మంచానికి, ఆ మనుషులకి అలవాటు పడాలి. అమ్మ పోయిన మర్నాడు సూట్‌కేసుతో కొత్త చోట దింపితే వాడికి రెండు చావులు ఒకేసారి. కాబట్టి అమ్మ ఉండగానే మొదలుపెట్టాలి. ముందు వారానికి రెండు రాత్రులు. నచ్చకపోతే వాడు ఇంటికొచ్చెయ్యాలి. ఎక్కడ ఉండాలి, ఎవరితో ఉండాలి అన్నది వాళ్ళు ఎంచుకునే హక్కని మన దేశం 2007లోనే ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద సంతకం పెట్టి ఆమోదించింది. వాణ్ణి అడిగాను. "అక్కడ ఉంటావా?" అంటే "టీవీ ఉందా?" అన్నాడు.

మా కాంపౌండులో ఒకప్పుడు మగపిల్లల హాస్టలుండేది. గురుకులాలొచ్చాక పిల్లలు తగ్గి మూతపడింది. పెంకుల కప్పు, చింతచెట్టు నీడ, బావి, గుడికి నలభై అడుగులు. ఇప్పుడు అందులో పాత బెంచీలు, క్రిస్మస్ పాక సామాను ఉన్నాయి. కమిటీ మీటింగ్ రెండో శనివారం అన్నారు. మేం ముగ్గురం వస్తాం. తాళం సెక్రటరీ గారి దగ్గరుందట, ఆ రోజు తెచ్చిపెట్టమనండి. పదకొండు తర్వాత అయితే వీలు. చిన్నోడి స్నానం అయ్యేసరికి ఆ టైం అవుతుంది.

ప్రభువు నామంలో,
ఒక అక్క